ఎక్స్‌పీనని చెప్పిన పెట్టె

మా ఆయన ఏ వస్తువునూ చావనివ్వడు. మంచి గుణమే గదా అనేవాళ్ళు మా ఇంటికొచ్చి ఒక్క వారం వంట చేసి చూడాలి. మిక్సీ తిరగాలంటే దాని నెత్తిన అరచెయ్యి పెట్టి అదిమి పట్టుకోవాలి, పట్టు వదిలితే అలుగుతుంది. ఫ్యానుకు చీపురుకట్ట వెనకవైపుతో మొదటి తోపు మనమే తొయ్యాలి, ఆ తర్వాత దాని దయ. ఇస్త్రీపెట్టె తీగకు చుట్టిన నల్లటేపు ఇప్పటికి తీగకంటే లావైంది. కొత్తది కొందామంటే ఆయన దగ్గర ఒకటే మాట, ‘ఇంకా పదేండ్లు వస్తాది లేమ్మే’. ఆళ్లగడ్డలో మోటారు వైండింగు షాపు నడిపే మనిషి. చుట్టుపక్కల పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లన్నీ ట్రాక్టర్ల మీద ఆయన దగ్గరికే వస్తాయి, ఆయన వాటి పేగులు పీకి కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ నీళ్ళలోకి దింపుతాడు. అట్లాంటి చేతికి, పోయింది అనే మాట ఎక్కదు. ఒకవేళ చుట్టిన మోటారు నెలకే మళ్ళీ కాలిందనుకోండి, తప్పు ఓల్టేజీది. మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు కావస్తోంది, ఈ ఇంట్లో జరిగిన తప్పులన్నీ ఓల్టేజీవే. ఇప్పుడు లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చొని, నా తలకాయ లోపల ఏముందో చూడాలని దానితో కుస్తీ పడుతున్నాడు. నేను వంటింటి గడప మీద కూర్చొని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తొక్క చేతిలో, పప్పు గిన్నెలో. కుడిచేత్తో మాత్రమే. ఎడమచెయ్యి ఒడిలో ఉంది, చుట్టపుచూపుగా వచ్చిన పిల్లలాగా పనిలోకి రాకుండా ఊరికే చూస్తోంది.

అదిగో, కంప్యూటరు పైకి లేస్తున్న సంగీతం. మళ్ళీ ఆపి మళ్ళీ మొదలుపెట్టాడన్న మాట. ఆ మోత వింటే నాకు ఇప్పటికీ తొంభై తొమ్మిదో సంవత్సరం గుర్తొస్తుంది, నంద్యాల నుంచి జీపులో పరుపు మీద పడుకోబెట్టి తెచ్చాడు దీన్ని, బాలింతను తెచ్చినట్టు. మా పిల్ల చందన అప్పుడు రెండో తరగతి. పిల్ల నేర్చుకుంటుందని కొన్నది, పిల్ల రెండు రోజుల్లో చీట్లపేక ఆడటం నేర్చుకొని లేచిపోయింది, ఈయన కూర్చున్నవాడు ఇంకా లేవలేదు. లోపల నడిచేది విండోస్ తొంభై ఎనిమిది. మొదటి వారంలోనే తెర మీద ఒక డబ్బా లేచింది, ఈ ప్రోగ్రాము చట్టవిరుద్ధమైన పని చేసింది కాబట్టి మూసేస్తున్నామని. నేను డిగ్రీ చదివినదాన్ని గదా, గొప్పగా తెలుగులోకి మార్చి చెప్పాను. మా అత్త భారతమ్మ అంతదాకా చాప మీద కూర్చొని చూస్తున్నది, లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టొచ్చి, ‘పోలీసోళ్ళు ఎప్పుడొస్తారంట?’ అని అడిగింది. ఆమెను ఏమనలేను. కక్షలు చూసిన ఈ ఊరి పెద్దవాళ్ళకు ముందు గడియ పెట్టి తర్వాత సంగతి కనుక్కోవడం అలవాటు. ఊరంతా ఎక్స్‌పీకి మారినా ఈయన మారలేదు. నిరుడు ఆ కంపెనీవాళ్ళే, ఇంక తొంభై ఎనిమిదికి మందూ మాకూ ఇవ్వం, ఏం పట్టినా మీ ఖర్మ అని చెప్పేశారు. నంద్యాలలో ఇంటర్నెట్ సెంటరు నడిపే దాసరయ్య ఆ వార్త నవ్వుతూ ఫోనులో చెప్తే, ఈయన చావుకబురు విన్నట్టు కాసేపు నిలబడి, ‘కన్నోళ్ళు వదిలేస్తే మనం గూడా వదిలేస్తామా?’ అన్నాడు. ఆ తర్వాతే తెలిసింది ప్రపంచంలో ఇట్లాంటివాళ్ళు ఇంకా ఉన్నారని. ఏ దేశాల్లోనో కూర్చొని ఈ పాతదాన్ని బతికించడానికి ముక్కలు తయారుచేసి ఇంటర్నెట్లో పెడతారట. వాళ్ళ భార్యల మిక్సీలు ఎట్లా ఉన్నాయో అనుకున్నాను. దాసరయ్య దగ్గర ఆ ముక్కలు దించుకొని పెన్‌డ్రైవులో తెస్తాడు. పెన్‌డ్రైవును ఇది గుర్తుపట్టదు. గుర్తుపట్టించే ముక్కను వేరే సీడీలో తేవాలి. సీడీ తలుపు తెరుచుకోవాలంటే జుట్టుపిన్ను గుచ్చాలి. ఆ పిన్ను నాది.

అన్నిట్లోకీ గొప్ప ముక్క ఒకటి తెచ్చాడు ఆర్నెల్ల కిందట. నాకు వివరించేటప్పుడు ఆయన కళ్ళు చూడాలి. ‘కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి నువ్వెవరని అడుగుతాది. ఇది నేను ఎక్స్‌పీ అంటాది. అది నమ్మి కూచుంటాది.’ నమ్మకపోతే ఎట్లా అన్నాను. ‘నమ్మినంతసేపు నడుస్తాది. అంతకంటే ఏం గావాల?’ ఆ మాటకు అప్పుడు నవ్వాను. నవ్వినప్పుడు చేతిలో స్టీలు గ్లాసు ఉంది, జారిపోయింది. అది వేసవిలో మొదలైన జారుడు. ముందు గ్లాసులు, తర్వాత పప్పు గరిటె, తర్వాత ఒకరోజు చట్నీ గిన్నె మొత్తం. తలనొప్పి తెల్లవారుజామున వచ్చి కాఫీ వేళకు పోయేది, పాలవాడిలాగా. నాకేదో తలకాయలోనే ఉందయ్యా, ఒకసారి చూపిద్దామంటే, ‘కండ్లమ్మే, సూదిలో దారం ఎక్కించేటప్పుడు సూస్తినిగదా’ అన్నాడు. అద్దాలు చేయించాడు. ఇంకోసారి అంటే అద్దాల నంబరు మార్పించాడు. సొట్టలు పడ్డ గ్లాసులన్నీ షాపుకు పట్టుకుపోయి, చెక్కసుత్తితో లోపలినుంచి నిదానంగా కొట్టి, ఒక్క సొట్ట లేకుండా సాయంత్రానికి తెచ్చి వరసగా పేర్చాడు. ఎంత బాగా చేశాడంటే కోపం కూడా రాలేదు. అవి ఎందుకు పడుతున్నాయో మాత్రం ఆ సుత్తి అడగలేదు. నేను కూడా మూడోసారి అడగడం మానేశాను. రెండుసార్లు అడిగినాక ఊరుకోవడం మాకు చిన్నప్పుడే నేర్పిస్తారు, అది మర్యాద అంటారు.

‘కల్పనా, పిన్నియ్యి!’ అని లోపలినుంచి కేక. జడలోంచి తీసి, లేవబోతే కాలు కూడా కాస్త ఆలస్యంగా వచ్చింది, ఎడమది. గుమ్మం పట్టుకున్నాను. చూశాడేమోనని చూశాను. చూడలేదు, తెర వైపే ఉన్నాడు, చొక్కా వీపంతా చెమట, మార్గశిర మాసంలో. పిన్ను అందించి మళ్ళీ నా గింజల దగ్గరికి వచ్చేశాను. సీడీ తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు, లోపల గిర్రున తిరుగుతున్న చప్పుడు. తిరుగుతున్నది నేనే. నిన్న శనివారం నంద్యాలలో ఒక కొత్త స్కానింగు సెంటరులో ఆ తెల్లటి గుండ్రటి మిషను కూడా ఇట్లాగే గిర్రుమంది నా చుట్టూ. ఎట్టకేలకు తీసుకుపోయాడు, కార్తీకంలో దీపం వెలిగించబోయి నేను కింద పడినాక. కమ్మలు తియ్యమన్నారు, ముక్కుపుడక తియ్యమన్నారు, మెడలోవి తియ్యమన్నారు. అన్నీ ఈయన రుమాలులో మూటగట్టుకొని, ఆ మూట గుప్పిట్లో పెట్టుకొని బెంచీ మీద కూర్చున్నాడు, గుళ్ళో చెప్పుల దగ్గర కాపలా కూర్చున్నవాడిలా. చేతికి ఏదో మందు ఎక్కించారు, ఒళ్ళంతా వేడినీళ్ళు పోసినట్టయింది. అయిపోయినాక మిషను అబ్బాయి వచ్చాడు, నా మొహం చూడకుండా సీడీ కవరు మీద పేరు రాస్తూ, ‘మీతో ఎవరొచ్చినారమ్మా?’ అన్నాడు. మా ఆయన అన్నాను. ‘ఇంకెవరన్నా మొగోళ్ళు వచ్చినారా?’ అన్నాడు. అంతే. ఆ రెండు ప్రశ్నలతో నాకు రిపోర్టు వచ్చేసింది. ఒక మగవాడు చాలడు అంటే అది ఎంత బరువో నాకు అర్థం కాదా. పైకి మాత్రం ఆ మిషను అబ్బాయే చివర్లో మంచిమాట చెప్పాడు, ‘పెద్ద డాక్టరు సోమవారం చూసి చెప్తాడు. అంతవరకు సీడీ మీ దగ్గర్నే పెట్టుకోండి, ఏ కంప్యూటర్లో ఏసినా కనపడతాది’ అని. పాపం, మా కంప్యూటరును ఆ అబ్బాయి ఎరగడు.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. తర్వాత ఈయన, ‘ఏమన్నా చెప్పినాడా లోపల?’ అన్నాడు. ఏం చెప్పలేదు, నరం ఏదో పట్టేసి ఉంటుంది అన్నట్టు ఉంది వాలకం, అన్నాను. నమ్మాడు. నమ్మినంతసేపు నడుస్తాది గదా. నాకప్పుడు ఆ పెట్టె మీద మొదటిసారి అభిమానం పుట్టింది, దానిదీ నాదీ ఒకటే ఉద్యోగం. అయితే ఈయన కూడా పూర్తిగా నమ్మినట్టు లేదు, ఎందుకంటే రుమాలు మూట నాకు తిరిగి ఇవ్వడం మర్చిపోయాడు. ఇంటికొచ్చి గుమ్మంలో కాలు పెట్టగానే అత్త నా మెడ చూసి, ఎదురుగా నిలబడ్డ కొడుకును కూడా చూడకుండా, ‘అయ్యో నా కొడుకా!’ అని గుండె బాదుకుంది. ఈయన వెనకనుంచి, ‘నేను ఈడనే ఉండానమ్మా, బతికే ఉండా’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను నవ్వాను, అత్త నవ్వింది, ఈయన మూట విప్పుతూ నవ్వలేదు. ముక్కుపుడక శీల కనపడక బస్సు దుమ్మంతా దులిపాడు చొక్కాలోంచి. ఇప్పుడూ నా ముక్కుకు వేపపుల్లే ఉంది.

ఊళ్ళో ఏ ఇంటర్నెట్ సెంటరుకు పోయినా నిమిషంలో తెరిచి చూపిస్తారు. పొద్దున అదే అన్నాను. ‘ఇంట్లో సొంత పెట్టె పెట్టుకోని, నీ తలకాయ తీసకపోయి బజార్లో చూపించుకుంటామా?’ అన్నాడు. నా తలకాయలో ఏముందో ఊరికి తెలియకూడదన్నది ఒక కారణం. రెండోది ఇంకా లోతుది, నాకు తెలుసు, ఆయనకూ తెలుసనుకుంటాను. ఇది తన చేత్తో తెరిస్తే, తన చేతికి లొంగితే, లోపల ఏముంటే అది కూడా తన చేతికి లొంగేదే అవుతుంది. మోటారు మూత విప్పితే సగం పని అయినట్టే అంటాడు షాపులో. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం కరెంటు కోత మొదలయ్యేలోగా తెరవాలని ఆ తంటాలు. ఠంగుమన్న చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎక్స్‌పీ గానీ ఆ తర్వాతది గానీ ఉంటేనే నడుస్తాను అని సీడీలోని సాఫ్ట్‌వేర్ మొండికేసే చప్పుడు. ఇది నాలుగోసారో ఐదోసారో. ప్రతిసారీ నాకు లోపల ఏదో చల్లబడుతోంది. చూడొద్దు, తెరుచుకోవద్దు. మా బోటనీ ల్యాబులో మేడం చెప్పేది, అడ్డకోత కోసేముందు కాండాన్ని ఒకసారి ముట్టుకొని చూడండి, తర్వాత అది మొక్క కాదు అని. నంద్యాల కాలేజీలో మూడేళ్ళు ఎన్ని కోశాను, ఎన్ని గీశాను, నా బొమ్మలకు మంచి పేరుండేది. ఆ రోజుల్లోనే మా నాయన బోరు మోటారు కాలింది, ఆళ్లగడ్డలో ఎవరో కుర్రవాడు బాగా చుడతాడంటే పిలిపించాడు. వాకిట్లో గోనెపట్ట పరుచుకొని సన్నగా నల్లగా ఒక మనిషి, నేను తెచ్చిన మజ్జిగ తాగకుండా పక్కన పెట్టి, తీగ చివర కొరికి చూస్తూ. ఈ మోటారు పారేద్దామా అని నాయన అడిగితే ఏదో సొంత మనిషిని అన్నట్టు చూశాడట. నాయన రాత్రి అమ్మతో అన్నాడు, వస్తువునే పారేయలేనోడు పిల్లను పారేస్తాడా అని. అంతే, పెళ్ళిచూపులు అయిపోయినట్టే. ఆ మోటారు ఆయన చెప్పిన గడువు దాటి ఇంకా ఎన్నో ఏళ్ళు నడిచింది, నాయన పోయినాక కూడా. మనిషికీ మోటారుకూ తేడా ఏముందో అందులోనే ఉంది, కానీ ఆ తేడా ఆయనకు ఎవరు చెప్పాలి.

ఫోను. గట్టిగా మాట్లాడుతున్నాడు, గోడకు కూడా వినపడేట్టు. దాసరయ్యతో. ‘యాడ మార్చాల్నో చెప్పప్పా, మార్చేది నేను మారుస్తా... ఏందీ?... ఆ ఫైలు పేరు మల్లా చెప్పు.’ అవతల దాసరయ్య గొంతు సన్నగా ఈగలాగా, ‘సురేంద్రన్నా, నా మాటిను, అది పైకి పోయిన పెట్టె. నా కాడికి రా, నిమిషంలో చూపిస్తా. ఏందన్నా అంత అర్జంటు? ఏం సీడీ అది?’ ఈయన ‘సినిమా’ అన్నాడు. నేను గింజ నొక్కడం ఆపాను. నా గురించి ఇన్నేళ్ళలో ఎవరూ అంత మాట అనలేదు. వీధి అరుగు మీదినుంచి అత్త, ‘ఏమిరా, పెట్టె చూపిస్తాందా లేదా?’ ‘చూపిస్తాదిలేమ్మా!’ ‘ఏం చూపించకపోయినా ఏం గాదులే, దిష్టి అది. రేపు అహోబిలం పోయొస్తే పోతాది.’ ఆమెకు అంతవరకే తెలుసు. చందనకు అదీ తెలియదు. పదో తరగతి, నంద్యాల హాస్టల్లో ఉంది, నిన్న స్కానింగు సెంటరుకు నాలుగు వీధుల అవతలే. చూసొద్దామా అన్నాడు ఈయన. మెడలో ఏమీ లేకుండా పిల్ల ముందుకు ఎట్లా పోతాను, పరీక్షలయ్యాక చూద్దాంలే అన్నాను. పరీక్షలు మార్చిలో. మార్చి అనే మాట అనేటప్పుడు నా నాలుక దాన్ని ముట్టుకొని చూసింది, చాలా దూరంలో ఉన్న ఊరి పేరులా ఉంది. పిల్లకు జడ వెయ్యడం రాదు, ఇప్పటికీ నేను వేసిన జడ రెండు రోజులు చెదరకుండా దాచుకుంటుంది. మా ఆయనకు చెప్పాలి జడ ఎట్లా వెయ్యాలో. రాగితీగ అల్లేవాడికి ఎంతసేపు, ఒకసారి చూపిస్తే చాలు. కానీ చూపించడానికి రెండు చేతులు కావాలి.

చప్పుడు లేదు. ఠంగు లేదు. సీడీ తిరుగుతోంది, మీటల చప్పుడు ఆగింది, కుర్చీ కూడా కిరకిరలాడటం లేదు. ఈసారి నిశ్శబ్దం వేరేగా ఉంది. నమ్మింది. వచ్చిన సాఫ్ట్‌వేర్ నువ్వెవరని అడిగింది, ఈ ముసలిది నేను ఎక్స్‌పీ అంది, అది నమ్మి లోపలికొచ్చి కూర్చుంది. ‘వచ్చింది! కల్పనా, వచ్చింది సూడు! ఎవడన్నాడు పైకి పోయిందని!’ ఆ గొంతు నాకెంత ఇష్టమో. కొత్తగా చుట్టిన మోటారు మొదటి నీళ్ళు ఎగజిమ్మినప్పటి గొంతు. తొక్కలు ఒడిలోంచి దులిపి, గోడ పట్టుకొని వెళ్ళాను. నిలబడితే ఆయన కుర్చీ వెనక పట్టుకోవడానికి అనువుగా ఉంది. తెర మీద పైన నా పేరు, నా వయసు, ఆడ అని గుర్తు. కింద ఒక నల్లటి చదరం, ఏమీ లేదు. ‘నిదానం, పాతది గదా, తెస్తాది’ అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు, దాన్ని వెనకేసుకొస్తున్నట్టు. పైనుంచి కిందికి ఒక్కో గీతా, చాప పరిచినట్టు, బొమ్మ దిగడం మొదలైంది. తెల్లటి గుండ్రటి వలయం, గాజులాగా. అది నా పుర్రె. లోపల బూడిదరంగు. ‘సూడు, ఎంత స్పష్టంగా ఉందో!’ అన్నాడు. బాణం మీట నొక్కాడు. ఇంకో కోత. మళ్ళీ నొక్కాడు. ఇంకోటి. నేను తల వంచి చూశాను, నాకు తెలియని పని కాదు అడ్డకోత చూడటం. మంచి కోతలో మధ్యలో గీత గీస్తే రెండు వైపులూ ఒకదానికొకటి అద్దంలా ఉండాలి. ఇంకో మీట. ఇంకోటి. ఆ తర్వాత ఆయన మీట నొక్కలేదు.

ఒకవైపు ఎర్ర ఉల్లిగడ్డ కోసి పెట్టినట్టు ఉంది. చిన్న ఎర్రగడ్డ కాదు. చుట్టూ తెల్లటి అంచు, లోపల నల్లగా, దాని బరువుకు మధ్యగీత అవతలి వైపుకు ఒరిగిపోయింది, బస్సులో లావుపాటి మనిషి పక్కన కూర్చున్న సన్నటి మనిషిలా. దీనికి డాక్టరు అక్కర్లేదు. బోటనీ అక్కర్లేదు. మోటార్లు చుట్టేవాడు చాలు. ‘ఇది ఎడం పక్కది గదా’ అన్నాడు, నీకు జారేది కూడా ఎడం చెయ్యే గదా అన్నట్టు, లెక్క సరిపోయిందన్నట్టు. ఆ బొమ్మ పక్కన చిన్నగా ఆర్ అని అక్షరం ఉంది, అది కుడి, బొమ్మల్లో తిరగేసి చూపిస్తారు, కుడివైపు చెడితే ఎడమచెయ్యి పోతుంది. ఇవన్నీ నాకు తెలుసు, ఒక్కటీ చెప్పలేదు. ఆయన మీటను వెనక్కి నొక్కాడు, ఎర్రగడ్డ చిన్నదై మాయమైంది. ముందుకు నొక్కాడు, మళ్ళీ మొలిచింది. వెనక్కి. ముందుకు. ఏదో ఒక కోత దగ్గర అది లేకుండా ఉంటుందేమోనని. పెట్టె ఎంత బుద్ధిగా చూపిస్తోందో, ఒక్కసారి కూడా తడబడలేదు, చట్టవిరుద్ధం అనలేదు, మూసుకోలేదు. దానంత మంచిగా అది ఎన్నడూ నడవలేదు. ఆయన దాన్ని ఆపలేడు, చూడలేడు. నేను ఆయన తల మీద చెయ్యి పెట్టాలనుకున్నాను, దగ్గరగా ఉన్నది ఎడమచెయ్యి, దాన్ని కుడిచేత్తో ఎత్తి పెట్టాల్సి వచ్చింది. పెట్టాను. ఆయన ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో అప్పుడే తెలుసుకున్నాడనుకుంటాను, మెడ కాస్త కుంగింది.

‘ఎండాకాలంలోనే పోవాల్సింది’ అన్నాడు తెరతో. ‘నువ్వు సెప్తానే ఉండావ్. తలకాయని సెప్తే కండ్లంటి. రెండుతూర్లు సెప్పినావు.’   తప్పు ఓల్టేజీది అందామనుకున్నాను, నోరు రాలేదు. బయట అరుగు మీదినుంచి అత్త, ‘ఏందిరా గొణుగుతాండావ్? ఏమంటాంది పెట్టె?’ ఆయన మీట మీదినుంచి వేలు తీసేశాడు. ‘ఒరే సురేంద్రా, నిన్నే! ఈడికి ఇనపడ్లా. గట్టిగా చెప్పు!’ ఆయన కుర్చీలోంచి లేవలేదు, తెర మీదినుంచి చూపు తిప్పలేదు, నా చెయ్యి జారిపోకుండా రెండు చేతులతో పట్టుకొని, వీధి వైపుకు, వీధి అవతలి వాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా అరిచాడు.

‘నేను తప్పు జేసినానమ్మా! తప్పంతా నాదే!’